చూచి వచ్చినవారి మాట

సెలవుదినము గడచిన మరునాటి ఉదయమున ఏ కార్యాలయములోనైనను దస్త్రముల కట్టలు విప్పుటకు ముందు విప్పబడునది మరియొకటి కలదు. అది నిన్న చూచిన చలనచిత్రపు కథ. సెక్షనులోని పెద్దగుమాస్తా మొదలు చప్రాసీ వరకు దానినిగూర్చి ఒక్కొక్కరికి ఒక్కొక్క అభిప్రాయ ముండును. పాటలు బాగున్నవని ఒకరు, రెండవ సగము సాగదీసినారని మరియొకరు, పిల్లలతో చూడదగినదేనా యని వేరొకరు పలుకుదురు. మధ్యాహ్న విరామమున సచివాలయపు పచ్చికపై ఫలాహారపు డబ్బాలు తెరచునప్పుడు ఆ చర్చయే కొనసాగును. సాయంకాలమునకు అది ఇంటికి చేరి, ఆ వారమున ఆ కుటుంబము ఏ చిత్రమును చూడవలెనో, దేనిని మానవలెనో నిర్ణయించును. ప్రభుత్వ విధానములను బహిరంగముగా విమర్శించుటకు 1964వ సంవత్సరపు సేవా ప్రవర్తన నియమావళి అడ్డుపడునే గాని, చలనచిత్రములను విమర్శించుటకు ఏ నియమావళియు అడ్డుపడదు. కాబట్టి ఉద్యోగికి నిర్భయముగా తీర్పు చెప్పగల న్యాయస్థాన మిదియొక్కటియే యనిన అతిశయోక్తి కాజాలదు.

ఈ మాటలు ఏ దస్త్రమునను చేరవు. ఏ పుస్తకమునను అచ్చుపడవు. చలనచిత్ర చరిత్రకారులు నిర్మాతల పేరులు, నటీనటుల పేరులు, విడుదల తేదీలు వ్రాసిరేగాని, చూచి వచ్చినవారు వీధి అరుగుపై కూర్చుండి ఏమనిరో వ్రాసినవారు అరుదు. అయినను ఒక చిత్రమును బ్రదికించినది, చంపినది తరచుగా ఆ అరుగుమీది మాటయే. గోడలపై అంటించిన నిలువెత్తు ప్రకటనలు మొదటిదినమున జనమును రప్పింపగలవు. రెండవవారమున రప్పింపవలసినది చూచి వచ్చినవారి మాట. ఆ మాటకొక చరిత్ర కలదు. అది చలనచిత్రముకంటె చాల ప్రాచీనమైనది.

భరతముని తన నాట్యశాస్త్రమున ప్రదర్శనము సఫలమైనదో విఫలమైనదో తెలిసికొనుటకు ఒక అధ్యాయమునే కేటాయించెను. ఆయన సిద్ధిని రెండు విధములుగా విభజించెను. మొదటిది మానుషసిద్ధి. చిరునవ్వు, పకపకనవ్వు, మేలుమేలను పలుకు, అయ్యోయను నిట్టూర్పు, రోమాంచము, ఆసనమునుండి లేచి నిలుచుట, వస్త్రములను ఉంగరములను నటులకు బహూకరించుట యను నివి దానికి గురుతులు. రెండవది దైవసిద్ధి. రంగము నిండియుండియు శబ్దములేక, కలకలములేక, ఏ ఉపద్రవమును లేక ప్రేక్షకులందరు ఒక్కటే ఊపిరిగా కూర్చుండుట దానికి లక్షణము. చప్పట్లకంటె నిశ్శబ్దమే పైమెట్టని ఆ మహర్షి నిర్ణయము. ఇంతటితో ఆయన ఆగలేదు. ప్రదర్శనమునకు కలుగు విఘాతములలో పరులవలన కలుగువానిని వేరుగా లెక్కించెను. మాత్సర్యముచేతను, ద్వేషముచేతను, ఒక పక్షమువారగుటచేతను, ధనలోభముచేతను కొందరు కేకలు వేయుదురనియు, పేడముద్దలు రాళ్ళు విసరుదురనియు, అట్టివానిని ప్రదర్శనమునందలి దోషముగా గణింపరాదనియు హెచ్చరించెను. అభిమాన సంఘములు, ప్రతిపక్ష సంఘములు పుట్టుటకు రెండువేల యేండ్లకు పూర్వమే వానికి లక్షణము వ్రాయబడిన దన్నమాట.

తెలుగునాట ఈ తీర్పు పద్యనాటకముల కాలమున వీధికెక్కెను. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు, బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర ఊరూర ఆడబడిన ఆ దినములలో ప్రేక్షకుడు తన అభిప్రాయమును మరునాటివరకు దాచుకొనుట లేదు. రాగము నచ్చిన పద్యము ముగియకమునుపే వన్స్‌మోరని కేకవేసెడివాడు. రాయబారమునకు బయలుదేరిన శ్రీకృష్ణుడు, కాటిలో కావలి కాయుచున్న హరిశ్చంద్రుడు, కథను ఆపి పాడిన పద్యమునే మరల పాడవలసివచ్చెడిది. కథాగమనమునకు భంగమని పండితులు విసుగుకొనిరి. నటులు మాత్రము ఆ కేక వినబడని రాత్రి నిదురపోలేదు. స్త్రీ పాత్రలయందు స్థానం నరసింహారావు కొంగు సవరించుకొనిన తీరును గూర్చి తెనాలిలో నొక అభిప్రాయము, బందరులో నొక అభిప్రాయము బయలుదేరి, అవి బండ్లమీదను రైళ్ళమీదను ఊరూరికి ప్రయాణము చేసెడివి. తెలుగు ప్రేక్షకుడు చలనచిత్రశాలకు వట్టిచేతులతో పోలేదు. తీర్పుచెప్పు అలవాటును నాటకశాలనుండి వెంటగొని పోయెను.

1896 జూలై 7వ తేదీన బొంబాయిలోని వాట్సన్ హోటలులో లూమియేర్ సోదరుల కదలుబొమ్మలు ప్రదర్శింపబడినవి. అప్పటికి వానినిగూర్చి జనులు చెప్పుకొనిన దంతయు ఆశ్చర్యమే. రైలుబండి తెరపై కదలివచ్చుటయే వింతగా నుండగా బాగోగుల విచారణకు తావెక్కడిది? కథలు వచ్చిన పిమ్మటనే అభిప్రాయములు వచ్చినవి. మచిలీపట్టణమువాడై మదరాసున ఛాయాచిత్రకారుడుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను యంత్రమును తెప్పించి ఊరూర ప్రదర్శనములిచ్చెను. 1914లో మదరాసున గెయిటీ చిత్రశాలను నిర్మించెను. 1921లో కుమారుడు ప్రకాశ్‌తో కలసి స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థను నెలకొల్పి ‘భీష్మప్రతిజ్ఞ’ను నిర్మించెను. ఆ మూగచిత్రముల కాలమున తెరపై పడు అక్షరములను చదువనేర్చినవారు చదువనేరనివారికి బిగ్గరగా చదివి వినిపించెడివారు. కొన్నిచోట్ల యజమానులే ఒక వ్యాఖ్యాతను నియమించెడివారు. చదివినవాడు ఊరక చదువునా? నడుమ తన అభిప్రాయమును గూడ జోడించెడివాడు. విమర్శయు చిత్రమును ఒకేసారి ఒకే చీకటిలో నడచిన కాలమది.

ప్రజల అభిప్రాయమును ప్రభుత్వమువారు మొదట భయముతో చూచిరి. 1918లో చలనచిత్ర శాసనము పుట్టినది. 1920లో బొంబాయి, కలకత్తా, మదరాసు, రంగూను నగరములలో సెన్సారు మండలు లేర్పడినవి. అమెరికా చిత్రములలో తెల్లదొరలు త్రాగి తందనాలాడుట చూచి, చదువురాని భారతీయ ప్రేక్షకుడు దొరతనముపై గౌరవము కోల్పోవునని కొందరు అధికారుల బెంగ. బ్రిటిషు సామ్రాజ్యపు చిత్రములకు ఇచ్చట ప్రత్యేక స్థానము కల్పింపవలెనని మరికొందరి ఆశ. ఈ రెంటిని విచారించుటకు 1927లో ఒక సంఘము నియమింపబడెను. మదరాసు న్యాయవాది దివాన్ బహదూర్ టి. రంగాచారియార్ దానికి అధ్యక్షుడు. ఆ సంఘము 4,325 ప్రశ్నావళులను పంపెను. లాహోరునుండి రంగూనువరకు తిరిగి 353 మంది సాక్షులను విచారించెను. సామాన్యుడు తాను చూచిన చిత్రమును ఎట్లు అర్థము చేసికొనుచున్నాడని ఈ దేశమున ప్రభుత్వము కాగితము కలము పట్టుకొని అడుగుట అదియే మొదలు.

ఆ ప్రశ్నావళికి వచ్చిన సమాధానములలో మహాత్మాగాంధీ పంపినది ప్రసిద్ధమైనది. తాను ఎన్నడును చిత్రశాలలో అడుగుపెట్టలేదనియు, అయినను దానివలని కీడు బయటివానికి సైతము కనబడుచునే యున్నదనియు, మేలేమైన నున్నచో అది ఇంకను నిరూపింపబడవలసియున్నదనియు ఆయన భావము. మహాత్ముడు నిజాయితీతో తాను చూడలేదని ముందుగా చెప్పెను. తరువాతి కాలమున చూడకయే తీర్పుచెప్పిన వేలమందికి ఆ నిజాయితీ లేకపోవుట విచారకరము. 1944లో విజయ్ భట్ తీసిన ‘రామరాజ్య’ చిత్రమును కొంతభాగము ఆయన చూచెనని ప్రతీతి.

రంగాచారియార్ సంఘము 1928లో తన నివేదికను సమర్పించెను. పాశ్చాత్య చిత్రములవలన దొరతనపు ప్రతిష్ఠకు భంగము కలుగుచున్నదను భయము అతిశయమని తేల్చెను. సామ్రాజ్య చిత్రములకు ప్రత్యేక రాయితీ అక్కరలేదనెను. భారతీయ ప్రేక్షకుడు తన దేశపు కథను, తన వేషభాషలను తెరపై చూడగోరుచున్నాడనియు, స్వదేశీ పరిశ్రమను ప్రోత్సహింపవలెననియు సిఫారసు చేసెను. సంఘమునందలి ఆంగ్ల సభ్యులు తమ భిన్నాభిప్రాయమును వేరుగా వ్రాసిరి. ప్రభుత్వమువారు నివేదికను పుచ్చుకొని భద్రముగా బీరువాలో ఉంచిరి. అది అమలునకు రాలేదు. కాని మూడేండ్లు గడువకమునుపే సంఘము కనిపెట్టిన ప్రజాభిరుచి తనంత తానే తలుపు తట్టెను.

1931 మార్చి 14వ తేదీన బొంబాయి మెజెస్టిక్ చిత్రశాలలో ‘ఆలం ఆరా’ మాటలాడెను. ఆ సంవత్సరమే అక్టోబరు 31వ తేదీన మదరాసు కినిమా సెంట్రల్‌లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘కాళిదాస్’ విడుదలయ్యెను. అందు నాయిక తమిళమున పలుకగా నాయకుడు తెలుగున పలికెను. చిత్రపు పెట్టెలను రైలుస్టేషనునుండి పూలు చల్లుచు, కొబ్బరికాయలు కొట్టుచు, ధూపము వేయుచు ఊరేగించిరి. ఏ భాషలో పలికిరను పట్టింపు ఆనాటి ప్రేక్షకునకు లేదు. తన భాష తెరపై వినబడుటయే చాలునను తృప్తి. సంపూర్ణముగా తెలుగున మాటలాడిన ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరులో విడుదలయ్యెనని చాలకాలము చెప్పుకొనిరి. 1932 జనవరి 22వ తేదీనాటి సెన్సారు ధ్రువపత్రమును ఆధారము చేసికొని, అది 1932 ఫిబ్రవరి 6న విడుదలయ్యెనని ఇటీవలి పరిశోధకులు నిర్ణయించిరి. ఒక ప్రభుత్వ కాగితము బ్రదికియుండుటచేతనే ఆ తేదీ దొరకినది. నోటిమాటకు రక్షణ లేదు. కాగితమునకు కలదు.

తరువాతి దశాబ్దములలో ఆంధ్రదేశమున నొక చిత్రము ఊరికి వచ్చుటయే ఒక ఉత్సవము. రంగుల కాగితములంటించిన జట్కాబండి, ముందు బ్యాండుమేళము, వెనుక కరపత్రములకై పరుగెత్తు పిల్లలు. టూరింగు టాకీసులో నేల, బెంచి, కుర్చీ యను మూడంతస్తులుండెడివి. కుర్చీలవారి అభిప్రాయము ఇంగ్లీషుపత్రికలలో పడెడిది. నేలవారి అభిప్రాయము ఆ క్షణముననే ఈలయై వినబడెడిది. ఎవరి మాట నిజమైనదో చిత్రశాల యజమానికి తెలియును. అణాలకు కొనిన పాటల పుస్తకమున కథాసంగ్రహము సగములో ఆగి, తరువాయి వెండితెరపై చూడుడను వాక్యముతో ముగిసెడిది. ఆ తరువాయిని డబ్బు లేనివారికి చెప్పినది చూచి వచ్చినవారే. నూతివద్ద, రచ్చబండవద్ద, వంటయింటి గడపవద్ద ఎందరో తెలుగు స్త్రీలు తమరు చూడని చిత్రములను ఆ విధముగానే చూచిరి.

ఈ ముచ్చటలన్నియు వినోదమాత్రములే యనుకొనరాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మము ‘మాలపిల్ల’ను తీసెను. చలము కథకు తాపీ ధర్మారావు వాడుకభాషలో సంభాషణలు కూర్చెను. హరిజనుల ఆలయప్రవేశమునుగూర్చి సభలలో వినని కుటుంబములు ఈ చిత్రమును చూచి వచ్చి ఇంటిలో వాదులాడుకొనిరి. చిత్రము బాగున్నదా యను ప్రశ్నతో మొదలైన మాట, అందు చూపినది న్యాయమా కాదా యను ప్రశ్నయొద్దకు వచ్చెను. మరుసటి యేడు వచ్చిన ‘రైతుబిడ్డ’ జమీందారీ దౌర్జన్యమును చూపగా, దానిని కొన్ని తావులలో నిషేధించిరి. అధికారులు భయపడినది ఆ రెండుమూడు గంటల చిత్రమునకు గాదు. చిత్రము ముగిసిన తరువాత రైతులు ఇంటికి నడచుచు చెప్పుకొను మాటలకు. చిత్రమును పెట్టెలో పెట్టి తాళము వేయవచ్చును, మాటకు తాళము వేయుట సాధ్యము కాదు.

నోటిమాట కొంత కాలమునకు అచ్చెక్కెను. 1935లో బాబూరావు పటేల్ బొంబాయిలో ‘ఫిల్మ్ ఇండియా’ పత్రికను స్థాపించి, నిర్మాతలు ఉలికిపడునట్లు విమర్శలు వ్రాసెను. పాఠకుల ప్రశ్నలకు ఆయన ఇచ్చు కొంటె సమాధానములకై జనులు నెలంతయు ఎదురుచూచెడివారు. తెలుగున ‘రూపవాణి’ మొదలైన పత్రికలు బయలుదేరినవి. కొడవటిగంటి కుటుంబరావు చలనచిత్రములనుగూర్చి విరివిగా వ్యాసములు వ్రాసి, చిత్రమును సాహిత్యమువలెనే తర్కముతో పరిశీలింపవచ్చునని చూపెను. 1950 దశకమున ముళ్ళపూడి వెంకటరమణ ‘ఆంధ్రపత్రిక’లో వ్రాసిన సమీక్షలు తెలుగు ఇంటివారి సరసమును యథాతథముగా అచ్చులోనికి తెచ్చినవి. తరువాత ఆయనయే చిత్రరచయితయై, ఇతరుల సమీక్షలకు లోబడవలసివచ్చుట కాలధర్మము. 1966లో ‘విజయచిత్ర’ వెలువడెను. అయినను పత్రికను చదివి చిత్రమునకు పోయినవారికంటె పొరుగువారి మాట విని పోయినవారే ఎక్కువ. పత్రికకు ప్రకటనల అవసర ముండును. పొరుగువానికి ఆ అవసరము లేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కేంద్రప్రభుత్వము మరల విచారణకు పూనుకొనెను. 1949లో ఎస్.కె. పాటిల్ అధ్యక్షతను ఏర్పడిన విచారణ సంఘము 1951లో నివేదిక నిచ్చెను. చిత్రములకు ఋణమిచ్చు సంస్థ, శిక్షణాలయము, చిత్రభాండాగారము కావలెనని ఆ సంఘము సూచించెను. 1960లో ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్, పూనా శిక్షణాలయము, 1964లో జాతీయ చలనచిత్ర భాండాగారము వెలసినవి. 1952 జనవరిలో ప్రథమ అంతర్జాతీయ చలనచిత్రోత్సవము బొంబాయిలో ఆరంభమై ఇతర మహానగరములకు సాగెను. తెలుగువారు మెచ్చిన ‘పాతాళభైరవి’ అందు ప్రదర్శింపబడెను. 1953వ సంవత్సరపు చిత్రములతో రాష్ట్రపతి పురస్కారములు మొదలైనవి. బొంబాయి, కలకత్తా, మదరాసు ప్రాంతీయ సంఘములు ఏరి పంపగా కేంద్ర సంఘము తుదినిర్ణయము చేసెడిది. 1954లో వచ్చిన ‘పెద్దమనుషులు’ తెలుగున ఉత్తమ చిత్రమై రజతపతకమును పొందెను. పెద్దమనుషుల ముసుగు తొలగించిన ఆ చిత్రమును పెద్దమనుషులే ఎన్నుకొనుట తెలుగువారికి తృప్తిని, కొంత నవ్వును గూడ కలిగించెను.

ఈ కాలముననే ప్రభుత్వము ప్రజాభిరుచితో ఒకసారి పందెము వేసి ఓడిపోయెను. 1952లో సమాచార ప్రసార మంత్రియైన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతమును పెంపొందింపవలెనను సదుద్దేశముతో ఆకాశవాణినుండి చిత్రగీతములను వెలివేసినంత పని చేసెను. శ్రోతలు సభలు జరుపలేదు, మహజరులు పంపలేదు. రేడియో మరను కొంచెము త్రిప్పి సింహళము పట్టుకొనిరి. రేడియో సిలోను వారి హిందీ గీతమాలలు, తెలుగు పాటలు ఇంటింట మ్రోగినవి. 1957 అక్టోబరు 3వ తేదీన ఆకాశవాణి వివిధభారతిని ఆరంభించి చిత్రగీతములను మరల లోనికి పిలిచెను. ఆజ్ఞాపత్రము సచివాలయమున తయారగును. అభిరుచి మాత్రము అచ్చట తయారుకాదని ఆ అయిదేండ్ల అనుభవము నేర్పినది.

సామాన్యుని మాట చిత్రమును బ్రదికించిన సందర్భములు మూడు ప్రత్యేకముగా చెప్పదగినవి. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’కి పశ్చిమబంగ ప్రభుత్వము ధనమిచ్చెను. పేరున పథమున్నందున ఆ వ్యయమును రోడ్ల అభివృద్ధి పద్దుక్రింద చూపిరని చెప్పుదురు. 1955 ఆగస్టున కలకత్తాలో విడుదలైనప్పుడు మొదటి దినములలో ఆదరణ మందముగా నుండెను. చూచినవారు చూడనివారికి చెప్పగా, కొలదివారములలో చిత్రశాలలు నిండిపోయినవి. రెండవది ‘షోలే’. 1975 ఆగస్టు 15న విడుదలైనప్పుడు వర్తకవర్గములు అది పోయినదని తేల్చివేసిరి. ప్రేక్షకులు చప్పట్లు కొట్టుట లేదని నిర్మాతలు దిగులుపడిరి. కాని ఒక చిత్రశాల యజమాని వేరొక లెక్క చెప్పెనందురు. ప్రేక్షకులు లేచి వచ్చుట లేదనియు, తినుబండారముల అమ్మకము పడిపోయినదనియు, కాబట్టి ఇది గెలిచిన చిత్రమనియు అతని వాదము. ఆయన నాట్యశాస్త్రమును చదివియుండడు. అయినను భరతుడు చెప్పిన దైవసిద్ధిని గుర్తుపట్టెను. ఆ చిత్రము బొంబాయి మినర్వా చిత్రశాలలో అయిదేండ్లకు పైగా ఆడెను.

మూడవది మనది. 1980 ఫిబ్రవరి 2వ తేదీన ‘శంకరాభరణము’ విడుదలయ్యెను. అందు పేరుమోసిన తారలు లేరు. ప్రధానపాత్రధారి జె.వి. సోమయాజులు రాష్ట్ర రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. కన్యాశుల్కమున రామప్పపంతులువేషము వేసిన రంగస్థల నటుడు. వయసు మీరిన సంగీత విద్వాంసుని కథను, శాస్త్రీయ సంగీతమును ఎవరు చూతురని పంపిణీదారులు వెనుకాడిరి. తొలిదినములలో కుర్చీలు ఖాళీగా నుండెను. చూచిన కొలదిమంది ఇంటికి పోయి తల్లిదండ్రులను, తాతలను వెంటబెట్టుకొని వచ్చిరి. వారము తిరుగునప్పటికి టిక్కెట్లు దొరకలేదు. ఏ ప్రకటనయు రప్పింపలేని వృద్ధులు ఆ మాటచేత కదలివచ్చిరి. భాష తెలియని కేరళ, కర్ణాటక రాష్ట్రములకు గూడ ఆ కీర్తి పాకెను. ఆరోగ్యకరమైన వినోదము నిచ్చు జనరంజక చిత్రమునకు 1975వ సంవత్సరమునుండి ఇచ్చుచున్న స్వర్ణకమలము దానికి లభించెను. జనులు మెచ్చుటయు ఒక యోగ్యతయేనని ప్రభుత్వము ఒప్పుకొనిన పురస్కార మది.

అయితే ప్రజాభిప్రాయము ఎల్లప్పుడు సరియైనదే యని చెప్పుట ముఖస్తుతి యగును. 1959లో గురుదత్ తీసిన ‘కాగజ్ కే ఫూల్’ను ఆనాటి ప్రేక్షకులు తిరస్కరించిరి. ఆ తరువాత ఆయన దర్శకుడుగా తన పేరు వేసికొనలేదు. కొన్ని దశాబ్దములకు ఆ చిత్రమునే ఉత్తమ చిత్రములలో లెక్కించిరి. అప్పటికి ఆయన లేడు. బి.ఎన్. రెడ్డి తన ‘బంగారు పాప’ను 1955లో ఎంతో ఆర్ద్రముగా తీసెను. దానికి గౌరవము దక్కినంతగా ధనము దక్కలేదు. సామాన్యుని మాట ఒక మనిషి పదేండ్ల శ్రమను ఒక వారములో తుడిచివేయగలదు. తెరవెనుక దీపములు మోసినవారు, తెరలు కుట్టినవారు, వేషములు దిద్దినవారు, వారి కుటుంబములు ఆ మాటపై ఆధారపడియున్నవి. అంత బలముగల మాటను తేలికగా విసరుట తగదు.

న్యాయస్థానములును ఈ సామాన్యునే ప్రమాణముగా తీసికొనినవి. ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అను తమిళ చిత్రమునుగూర్చి 1989లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, చిత్రమును పరీక్షింపవలసినది ఇంగితజ్ఞానము, వివేకము గల సామాన్యుని దృష్టితోనేగాని, చీటికిమాటికి నొచ్చుకొను అసాధారణుని దృష్టితో కాదని నిర్ణయించెను. 1927లో ఏ సామాన్యుడు చిత్రమును అపార్థము చేసికొనునని ప్రభుత్వము సందేహించెనో, 1989 నాటికి ఆ సామాన్యుని వివేకమే చట్టమునకు కొలబద్ద యయ్యెను. అరువదియేండ్ల చరిత్రకు ఇది సారాంశము.

స్వస్థలమునకు దూరముగా నుండు తెలుగు ఉద్యోగికి ఈ చరిత్రలో వేరొక భాగము కలదు. ఢిల్లీవంటి నగరములలో తెలుగు చిత్రము వచ్చుట అరుదుగా నుండిన కాలమున, ఆదివారము ఉదయపు ఆటకు దూరపు కాలనీలనుండి కుటుంబములు బస్సులు మారి వచ్చెడివి. చిత్రము మంచిదా చెడ్డదా యను విచారము తరువాతది. గోదావరి ఒడ్డు తెరపై కనబడెనా, పలుకు చెవినిబడెనా యనునదే ముందు. ఆట విడిచిన పిమ్మట చిత్రశాల ముంగిట జరిగిన అరగంట సంభాషణ చిత్రమంత ముఖ్యమైనది. ఎవరి కుమార్తెకు సంబంధము చూచుచున్నారో, ఎవరికి బదిలీ అయినదో అచ్చటనే తెలిసెడిది. 1980 దశకమున దూరదర్శన్ ఆదివారము మధ్యాహ్నము ప్రాంతీయ భాషా చిత్రములను ప్రసారము చేయునప్పుడు, తెలుగు చిత్రమున్న వారమున పంజాబీ, బెంగాలీ పొరుగువారు సైతము వచ్చి కూర్చుండి, అడుగున పడు ఇంగ్లీషు వాక్యములను చదువుచు, అది చాలని చోట అర్థ మడిగెడివారు. తన భాషలోని చిత్రమును పరభాషవానికి వివరించునప్పుడే దాని గుణదోషములు తనకు స్పష్టపడును.

అచ్చట పుట్టి పెరిగిన పిల్లలకు తెలుగు బడిలో లేదు, బజారులో లేదు. ఇంటిలో గూడ పాలు, పద్దు, పరీక్ష యను మాటలకు మించి తెలుగు నడచుట కష్టము. ఒక చిత్రమును చూచి వచ్చి, అది నీకేల నచ్చినదని పెద్దలు అడిగినప్పుడు మాత్రము ఆ పిల్లవాడు కారణము వెదకవలెను, ఆ కారణమునకు తెలుగుమాట వెదకవలెను. జాలి, కక్ష, బెంగ, అలుక, మొహమాటము వంటి పదములు నిఘంటువులనుండి గాక ఈ విధముగానే తరువాతి తరమునకు చేరును. అభిప్రాయము చెప్పుట నేర్చిన పిల్లవాడు భాషను విడువడు.

నేడు మొదటి ఆట ముగియకమునుపే తీర్పు వెలువడుచున్నది. చీకటిలో కూర్చుండియే చేతిలోని ఫోనునుండి నలుదిక్కులకు పంపుచున్నారు. చూడనివారును పంపుచున్నారు. తమ నటునిపై అభిమానముతో పొగడువారు, ఎదుటి నటునిపై కోపముతో తెగడువారు, ధనము పుచ్చుకొని రెండును చేయువారు కలరు. మాత్సర్యము, ద్వేషము, పక్షపాతము, ధనలోభము అని భరతుడు వ్రాసిన పట్టికలో చేర్పవలసిన క్రొత్తపేరు ఒక్కటియు లేదు. మారినది వేగము మాత్రమే. పేడముద్ద విసరుటకు పూర్వము రంగస్థలమువరకు నడచి రావలసియుండెను. ఇప్పుడు ఆ శ్రమయు తప్పినది.

వేగము పెరిగినకొలది నెమ్మదిగా చెప్పు మాటకు విలువ హెచ్చును. తాను చూచినదానిని మాత్రమే చెప్పుట, నచ్చినదానికి నచ్చనిదానికి ఒక్కొక్క కారణమైనను చూపుట, తుదివరకు చూడనిచో చూడలేదని ఒప్పుకొనుట, ఎదుటివారి రుచికి చోటు విడుచుట యను నియమములు ఏ శాసనమునను లేవు. పద్యనాటకపు పందిళ్ళనుండి సచివాలయపు పచ్చికవరకు వాటిని పాటించిన పెద్దలెందరో కలరు. వారి మాట విని ఇతరులు సొమ్ము వెచ్చించిరి, సాయంకాలములు వెచ్చించిరి, మోసపోలేదు. ప్రభుత్వములు సంఘములను నియమించి, వేలకొలది ప్రశ్నావళులు పంపి తెలిసికొనగోరిన మాట అదియే. దానికి ముద్ర లేదు, సంతకము లేదు. చెప్పినవాని నమ్మకమే దానికి ముద్ర.